కామిక్స్ సేకరణ ఎక్కడ మొదలుపెట్టాలి? ప్రొద్దుటూరు తమ్ముడికి కడప నుంచి జవాబు

ప్రొద్దుటూరులో ఉద్యోగం చేసుకుంటున్న ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "అన్నా, ఆదివారం శక్తిమాన్ వస్తుందంటే అన్నం పళ్లెం పట్టుకుని టీవీ ముందు కూర్చునేవాణ్ణి. తర్వాత స్పైడర్‌మ్యాన్ పిచ్చి పట్టింది. ఇప్పుడు చేతిలో కాస్త డబ్బు ఆడుతోంది, కామిక్స్ సేకరించాలనుంది. అమెరికావి తెప్పించుకోవాలా, మన దగ్గర దొరికే పాతవి వెతకాలా? ముందుముందు మంచి ధర వస్తుందా? మన ఎండలకూ చెదలకూ అవి నిలుస్తాయా?"

తమ్ముడూ, మొదట ధర సంగతి తేల్చేద్దాం. మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. రేపు ధర వస్తుందని మాత్రం కొనొద్దు. సూపర్‌మ్యాన్ తొలిసారి కనిపించిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక 1938లో వచ్చింది. అప్పటి వెల 10 సెంట్లు. 2024లో దాని ప్రతి ఒకటి వేలంలో 60 లక్షల డాలర్లకు పోయింది. స్పైడర్‌మ్యాన్ పుట్టిన అమేజింగ్ ఫాంటసీ 15వ సంచిక 1962లో 12 సెంట్లు, 2021లో 36 లక్షల డాలర్లు. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా కొత్తవాళ్లు కొందరు ఇటు వస్తారు. అయితే ఆ ధర ఎందుకు పలికిందో చూడాలి. 1938లో ఆ పుస్తకాన్ని దాచాలని ఎవరికీ తోచలేదు. పిల్లలు చదివి పారేశారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికాలో పాత కాగితాలు పోగుచేసినప్పుడు లెక్కలేనన్ని కామిక్స్ గుజ్జయిపోయాయి. రెండు లక్షల దాకా అచ్చయిన ఆ సంచికలో ఇప్పుడు మిగిలింది వంద ప్రతుల దాకానే అంటారు.

ఇంకో లెక్క చూడు. 1991లో ఎక్స్‌మెన్ అనే సూపర్ హీరోల జట్టు కథల కొత్త వరుస మొదటి సంచిక 80 లక్షల ప్రతులకు పైగా అమ్ముడైంది. ఒకే కథకు ఐదు రకాల అట్టలు వేశారు, ఒక్కొక్కరు ఐదూ కొన్నారు. 1992లో సూపర్‌మ్యాన్ చనిపోయే సంచికను నల్లటి కవరులో సీలు చేసి అమ్మారు. కవరు చించకుండా బీరువాలో పెట్టుకున్నవాళ్లు లక్షల్లో ఉన్నారు. అందరూ దాచారు కాబట్టే అవి ఈరోజు కూడా ఎక్కడంటే అక్కడ, చవగ్గా దొరుకుతాయి. ఆ పోటీ కొనుగోళ్ల బుడగ పగిలాక వందల కామిక్స్ దుకాణాలు మూతపడ్డాయి, 1996 చివర్లో ఎక్స్‌మెన్, స్పైడర్‌మ్యాన్ కామిక్స్ వేసే మార్వెల్ కంపెనీయే దివాలా పిటిషన్ వేసుకుంది. ఇప్పుడు "కలెక్టర్స్ ఎడిషన్" అని అట్ట మీద తాటికాయంత అక్షరాలతో వేసి అమ్ముతున్నవాటి గతీ ఇంతే అవుతుందని నా నమ్మకం. మన వైపు నిజంగా అరుదైనవి ఏవంటే, పాత పేపర్ల అంగడికి తూకానికి పోయి, శెనక్కాయల పొట్లాలైపోయినవి.

మరి ఏం సేకరించాలి? నువ్వు చదివిన దారినే వెనక్కి వెళ్లి సేకరించు. ఏ బొమ్మ దగ్గర నీ కన్ను మొదట ఆగిపోయిందో అక్కడ మొదలుపెట్టు. ఎవరో తయారుచేసిన 'తప్పక ఉండవలసిన వంద కామిక్స్' పట్టికను పట్టుకుని వెళితే కొన్నాళ్లకు డబ్బూ విసుగూ రెండూ అయిపోతాయి. నీకు తెలిసిన దారిలో వెళితే ప్రతి పుస్తకం ఇంకో పుస్తకాన్ని చూపిస్తుంది.

నా దారి చెబుతాను, నీది వేరుగా ఉంటుంది. మా తరానికి సూపర్ హీరో అనే మాట తెలియకముందే ఆ హీరోలు తెలుసు. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్లుండేవి. ఖడ్గవర్మ, జీవదత్తుడు అడవుల్లో పడి వెళుతుంటే నెలంతా మా బుర్రల్లో ఆ అడవే. చందమామను 1947 జులైలో చక్రపాణి గారితో కలిసి మొదలుపెట్టిన బి. నాగిరెడ్డి గారు మన కడప జిల్లా పొట్టిపాడు మనిషి. ఈ మాట ఇక్కడి పిల్లలకు ఎవరూ చెప్పరు, అందుకే నేను దొరికిన చోటల్లా చెబుతుంటాను. చందమామ కచ్చితంగా కామిక్ కాదు, బొమ్మల కథల పత్రిక. అయినా చిత్రా, శంకర్ వేసిన బొమ్మల్లో రాక్షసుడి కండలూ, కత్తి ఎత్తిన చెయ్యీ చూసి పెరిగిన కన్నుకు ఆ తర్వాత ముసుగు వేసుకున్న అడవి వీరుడు ఫాంటమ్ కొత్తగా అనిపించలేదు.

ఫాంటమ్ మాకు గుంతకల్లు నుంచి వచ్చాడు. మా మేనమామ అక్కడ రైల్వేలో పనిచేసేవాడు. సెలవులకు కడపకు వచ్చినప్పుడల్లా సంచిలో ఇంగ్లీషు ఇంద్రజాల్ కామిక్స్ తెచ్చేవాడు. కొన్ని స్టేషన్ బుక్ స్టాల్‌లో కొన్నవి, కొన్ని బొంబాయి బండ్లలో ప్రయాణికులు వదిలేసి పోయినవి. ఇంద్రజాల్ కామిక్స్‌ను టైమ్స్ ఆఫ్ ఇండియా సంస్థ 1964 మార్చిలో ఫాంటమ్ కథతోనే మొదలుపెట్టింది. 1990లో ఆపేసింది. ఈ మధ్యలో వచ్చిన సంచికలు సుమారు 800. లీ ఫాక్ అనే అమెరికన్ రచయిత 1934లో ఇంద్రజాలికుడు మాండ్రేక్‌నూ, 1936లో ఫాంటమ్‌నూ సృష్టించాడు. ఆ ఇద్దరితో పాటు అంతరిక్ష వీరుడు ఫ్లాష్ గోర్డన్ కూడా ఇంద్రజాల్ ద్వారానే మన చేతికందాడు. 1976లో ఆబిద్ సుర్తీ రాసిన బహదూర్ వచ్చాడు. కుర్తా, జీన్సు వేసుకుని బందిపోట్లతో తలపడే మన దేశపు హీరో. బహదూర్ సంచికలంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. మిగతావాళ్లు ఎక్కడో ఫాంటమ్ ఉండే డెంకాలి అడవుల్లోనో, వేరే గ్రహాల్లోనో తిరుగుతుంటే అతను మనం చూసిన లాంటి ఊళ్లలో తిరిగాడు.

ఇష్టం సేకరణగా మారేది ఎప్పుడంటే, ఖాళీ కనిపించినప్పుడు. కథ మంచి పట్టులో ఉండగా "తరువాయి వచ్చే సంచికలో" అని ఆగిపోతుంది. ఆ సంచిక మన దగ్గర ఉండదు. అప్పుడు అట్ట మీది నంబరు వైపు చూపు పోతుంది. అంతవరకు హీరోను చూసిన పిల్లవాడు ఆరోజు నుంచి నంబరు చూస్తాడు. ఇంకొన్నేళ్లకు, ఒకే ఫాంటమ్ ఒక సంచికలో సన్నగా, ఇంకో సంచికలో బండగా ఎందుకున్నాడని అనుమానం వస్తుంది. అక్కడ చిత్రకారుడు పరిచయమవుతాడు. ఆ తర్వాత ఇది ఏ ముద్రణ, ఏ కాగితం, అట్ట ఎవరు వేశారు అని వెతుకులాట. ఇదంతా హీరో మీది ఇష్టమే, వయసుతో పాటు పెరుగుతూ వస్తుంది. నీకు శక్తిమాన్‌తో మొదలైందని చిన్నతనంగా అనుకోకు. 1997లో దూరదర్శన్‌లో మొదలైన ఆ సీరియల్ మన దేశంలో ఒక తరానికి తలుపు తీసింది.

నువ్వు స్పైడర్‌మ్యాన్ అన్నావు కాబట్టి నీకు నేను చెప్పే మొదటి మెట్టు గోథమ్ కామిక్స్. అమెరికా కామిక్స్‌ను మన దేశంలోనే అచ్చువేసి, మన ధరకు అమ్మిన సంస్థ అది. స్పైడర్‌మ్యాన్ ఇండియా వాళ్లదే. 2004లో వచ్చింది. పవిత్ర్ ప్రభాకర్ అనే బొంబాయి కుర్రాడు ధోవతి కట్టుకుని గోడలు ఎక్కుతాడు. జీవన్ కాంగ్ బొమ్మలు. ఆ వరుసలో ఉన్నవి నాలుగే సంచికలు. కొత్తగా మొదలుపెట్టేవాడికి ఇలా పూర్తి చేయగలిగే చిన్న వరుస ఒకటి చాలా అవసరం. నాలుగూ చేతికొచ్చిన రోజు కలిగే తృప్తి ఎలాంటిదో తెలిస్తే తర్వాత ఓపిక దానంతటదే వస్తుంది. ఇప్పుడు అమెరికాలో కొత్త సంచిక వెల 4, 5 డాలర్లు ఉంటుంది. దానికి రవాణా, సుంకం కలిస్తే 20 పేజీల కథకు నువ్వు పెట్టేది ఎక్కువే. కథ చదవడానికైతే నాలుగైదు సంచికలు కలిపి వేసిన పుస్తకాలు కొనుక్కో. విడి సంచికలు, నీకు నిజంగా ప్రాణమైన కథలవి మాత్రమే తెప్పించుకో.

తెలుగువాడిగా ఇంకో పేరు నువ్వు తెలుసుకోవాలి. బుజ్జాయి. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి అబ్బాయి సుబ్బరాయశాస్త్రి గారు. డుంబు బొమ్మల కథ ఆయన సృష్టే. పంచతంత్రాన్ని బొమ్మల కథగా ఇలస్ట్రేటెడ్ వీక్లీ అనే ఇంగ్లీషు వారపత్రికలో దేశమంతటికీ చూపించారు. ఆయన గీసిన పేజీ ఏది దొరికినా, చిరిగిపోయి ఉన్నా సరే, వదలొద్దు.

వెతకడం గురించి. కడపలోనూ ప్రొద్దుటూరులోనూ పాత పేపర్ల అంగళ్ల వాళ్లతో ముందు స్నేహం చేసుకో. "బొమ్మల పుస్తకాలు వస్తే తూకం వేయకుండా పక్కన పెట్టన్నా, నేను తీసుకుంటా" అని చెప్పి, తూకం ధర కన్నా బాగా ఎక్కువిచ్చి తీసుకో. ఒకసారి నమ్మకం కుదిరితే వాళ్లే ఫోన్ చేస్తారు. దసరా, సంక్రాంతి, ఉగాది ముందు ఇళ్లు దులిపేటప్పుడు అటకల మీదివి కిందికి దిగుతాయి. పాత ఇల్లు అమ్మేటప్పుడు, పిల్లలు పెద్దవాళ్లను తీసుకుని ఊరు మారేటప్పుడు కూడా. అద్దె పుస్తకాల అంగళ్లు మూతపడిన కాలంలో చాలా సరుకు ఇలాగే బయటికొచ్చింది, ఇప్పటికీ ఆ అంగళ్ల ముద్రలున్న ప్రతులు చేతులు మారుతుంటాయి. హైదరాబాదు వెళితే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌లు, బెంగళూరు వెళితే అవెన్యూ రోడ్డు, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం. రాయలసీమ వాళ్లకు ఒక సౌకర్యం ఉంది. అటు బెంగళూరూ, ఇటు హైదరాబాదూ రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి చేరే దూరంలోనే ఉన్నాయి.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. ఇంట్లో పెద్దాయన పోయాక ఆయన పుస్తకాలు అమ్మేవాళ్లకు వాటి విలువ తెలియదు. విలువ తెలిసిన నువ్వు చెప్పి కొనాలి. తెలియని మనిషి దగ్గర కారుచౌకగా కొట్టేసి వచ్చి గొప్పలు చెప్పుకునే వాళ్లను నేను చూశాను. వాళ్లతో పుస్తకాల మార్పిడి కూడా చేయను.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు అట్ట ఫోటో ఒక్కటి చూసి డబ్బు పంపొద్దు. ముందు అట్ట, వెనక అట్ట, వెన్ను, లోపలి ముద్రణ వివరాల పేజీ, పిన్నులు కనిపించేలా తెరిచిన మధ్య పేజీలు, ఇన్నిటి ఫోటోలు అడుగు. ఇంద్రజాల్, అమర్ చిత్రకథ లాంటి పిన్ను పుస్తకాల్లో మధ్య కాగితం ఊడిపోవడం మామూలు. అది పోతే ఒకేసారి నాలుగు పేజీల కథ పోతుంది, అట్ట చూస్తే ఏమీ తెలియదు. రంగుల జిరాక్స్ తీసిన అట్టను అతికించి అమ్మేవాళ్లున్నారు. గోరుతో అంచు మీద రాస్తే కాగితం తేడా తెలుస్తుంది, బొమ్మలో సన్నటి రంగు చుక్కలు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. అమెరికా పాత సంచికలను ఇప్పుడు అచ్చం పాత వెలతో, పాత ప్రకటనలతో మళ్లీ అచ్చువేస్తున్నారు. అవి మోసం కాదు, చదువుకోవడానికి బాగుంటాయి. లోపల చిన్న అక్షరాల్లో కొత్త ముద్రణ సంవత్సరం ఉంటుంది, అది చూసి ధర కట్టు.

1974 నాటి హల్క్ 181వ సంచిక గురించి చెబితే పేజీలు లెక్కపెట్టడం ఎందుకో నీకు అర్థమవుతుంది. తర్వాత ఎక్స్‌మెన్ జట్టులో చేరిన వుల్వరిన్ అనే హీరో పూర్తి స్థాయిలో కనిపించిన మొదటి కథ అది. అప్పట్లో మార్వెల్ వాళ్లు పుస్తకాల్లో చిన్న స్టాంపు బొమ్మలు అచ్చువేసి, కత్తిరించి పోగుచేసుకోమన్నారు. పిల్లలు కత్తెర తీసుకుని కత్తిరించారు. ఈరోజు ఆ స్టాంపు ఉన్న ప్రతికీ, లేని ప్రతికీ ధరలో చాలా తేడా.

ఇది రాస్తూ ఒక మాండ్రేక్ ఇంద్రజాల్ సంచిక తీసి ముందు పెట్టుకున్నాను. రెండు పిన్నుల చుట్టూ తుప్పు పాకి, గోధుమరంగు మచ్చలు లోపలి పేజీల దాకా దిగాయి. వెన్ను మీద అడ్డంగా సన్నటి తెల్ల గీతలు, అట్ట మడిచి చదివినందువల్ల రంగు లేచిపోయిన చోట్లు. లోపలి అట్ట మీద ఇంకు పెన్నుతో "8వ తరగతి, బి సెక్షన్" అని రాసుంది, పేరు మాత్రం కొట్టేసి కింద ఇంకో పేరు రాశారు. ఒక పేజీ అంచులో పుర్రె గుర్తు. ఫాంటమ్ ఉంగరం ముద్ర అది, మాండ్రేక్ పుస్తకంలో గీశాడు ఆ పిల్లవాడు. అమెరికాలో సీజీసీ అనే సంస్థ 2000 నుంచి కామిక్స్‌కు 10కి ఇన్ని మార్కులని వేసి, ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి ఇస్తోంది. వాళ్లకు పంపితే దీనికి బాగా తక్కువ మార్కులు వస్తాయి. నేను దీన్ని శుభ్రమైన ఇంకో ప్రతితో మార్చుకోను. లక్షలు పోసి కొనేవాడికి ఆ మార్కులు అవసరమే. మన వైపు దొరికే పుస్తకాలకు మాత్రం పేజీలన్నీ ఉన్నాయా, కాగితం గట్టిగా ఉందా అన్నవి చాలు.

బైండింగ్ చేసిన వాల్యూములు నీకు తరచుగా దొరుకుతాయి. మన పెద్దవాళ్లు సీరియల్ పేజీలు విప్పి, వరుసగా పేర్చి, క్యాలికో గుడ్డ వెన్నుతో కుట్టించి దాచారు. కుట్టేటప్పుడు అట్టలు తీసేశారు, అంచులు కోసేశారు. ధర కట్టేవాళ్లు వాటిని పక్కకు నెడతారు. నేను ఒప్పుకోను. దాసరి వారి సీరియళ్లు ఎన్నో ఇళ్లలో నిలిచింది ఆ బైండింగుల వల్లే. దొరికితే తీసుకో, విప్పి మళ్లీ విడి సంచికలుగా చేద్దామని ప్రయత్నించకు. మన కడపలో ఉండిన సి.పి. బ్రౌన్ వేమన పద్యాల కోసం ఎన్నో చేతిరాత ప్రతులు పోగుచేయించాడు. చెదిరిన ప్రతినీ, తప్పుల ప్రతినీ తోసిపుచ్చకుండా పక్కపక్కన పెట్టి చూశాడు. ఎర్రముక్కపల్లెలో ఆయన బంగళా ఉన్న చోట కట్టిన గ్రంథాలయానికి ఒకసారి వెళ్లిరా. సేకరణ అంటే ఏమిటో అక్కడ తెలుస్తుంది.

ఇక ఎండ, చెదలు. పాత కామిక్స్ న్యూస్‌ప్రింట్ మీద అచ్చయ్యాయి. ఆ కాగితంలో చెక్క గుజ్జు తాలూకు లిగ్నిన్ ఉంటుంది. వెలుతురూ వేడీ తగిలేకొద్దీ అది ఆమ్లంగా మారి కాగితాన్ని పసుపుగా, పెళుసుగా చేస్తుంది. మన మే నెల ఎండలో మిద్దె కింద అటక మీద పెడితే కాగితానికి అంతకన్నా కీడు లేదు. మన ఇళ్లలో గోడలో దిగేసిన కడప బండల అల్మరాలుంటాయి కదా, చాలామంది పుస్తకాలు వాటిలో పెడతారు. బండను చెదలు తినవు, నిజమే. కానీ బండ వెనక గోడ ఉంది. వానాకాలం గోడ చెమ్మగిల్లితే అల్మరా వెనక వైపు నుంచే చెదలు మట్టి దారి వేసుకుని వస్తాయి, ముందున్న వరుస శుభ్రంగా ఉంటుంది కాబట్టి మనకు తెలియదు. పుస్తకాలను గోడకు నాలుగు వేళ్ల ఎడంగా పెట్టు. నెలకోసారి వెనక వరుస తీసి చూడు. బయటి గోడ వద్దు, ఇంటి మధ్య గోడ మంచిది. చెక్క అల్మరా అయితే కాళ్లు నేలకు నేరుగా తగలనీయకు.

ఒక్కో పుస్తకాన్నీ పాలీప్రొపిలీన్ కవరులో, వెనక ఆమ్లం లేని అట్ట పెట్టి ఉంచు. ఈ రెండూ కామిక్స్ సామాను అమ్మేవాళ్ల దగ్గర దొరుకుతాయి. స్కూలు పుస్తకాలకు వేసే మెత్తటి పీవీసీ కవరు వద్దు, అది కొన్నేళ్లకు జిగురుగా మారి అట్ట రంగును లాగేస్తుంది. సెల్లోటేపు ముట్టుకోవద్దు. లామినేషన్ అసలే వద్దు, చేశాక వెనక్కి తీసే దారి లేదు. ఎండిన వేపాకు గుడ్డ మూటలో కట్టి అల్మరా మూలల్లో పెట్టడం మా అమ్మ అలవాటు, నేనూ పెడతాను. అయితే దాన్నొక్కదాన్నే నమ్ముకోను, తీసి దులపడమే అసలైన మందు. వెండిరంగులో చురుగ్గా పాకే పురుగు కనిపిస్తే చెమ్మ ఎక్కువైందని అర్థం. అది జిగురునూ, నునుపు కాగితం పైపూతనూ కొరుకుతుంది.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. 2009 అక్టోబరు 2న కర్నూలును తుంగభద్ర ముంచినప్పుడు నా మిత్రుడొకడి ఇంట్లో రెండు అల్మరాల పుస్తకాలు బురద నీళ్లలో ఉండిపోయాయి. నునుపు కాగితం మీద అచ్చయిన కొత్త పుస్తకాలు ఆరేసరికి ఇటుకల్లా గట్టిపడ్డాయి, ఒక్క పేజీ విడలేదు. న్యూస్‌ప్రింట్ ఇంద్రజాల్ సంచికల్లో మాత్రం చాలావరకు మళ్లీ చదవగలిగే స్థితికి వచ్చాయి. తడిసిన పుస్తకాన్ని ఎండలో పెట్టకూడదు, పేజీలు బలవంతంగా విడదీయకూడదు. నీడలో, ఫ్యాను గాలికి, కొన్ని పేజీలకొకటి చొప్పున తెల్ల కాగితం పెట్టి, అది తడిసినప్పుడల్లా మారుస్తూ ఆరబెట్టాలి. పుస్తకాలు ఎక్కువై అన్నీ ఒకేసారి చూసుకోలేకపోతే, విడివిడిగా కవర్లలో చుట్టి ఫ్రిజ్ డీప్ ఫ్రీజర్‌లో పెట్టాలి. బూజు ఆగుతుంది, తర్వాత తీరిగ్గా ఒక్కొక్కటే ఆరబెట్టుకోవచ్చు. నది పక్క ఊళ్లలో ఉండేవాళ్లు పుస్తకాలను కింది అరల్లో పెట్టకపోవడం మంచిది.

చివరగా, ఒక నోటు పుస్తకం పెట్టుకో. సంచిక నంబరు, ఎక్కడ దొరికింది, ఎంతకు, ఏ లోపాలున్నాయి అని కొన్న రోజే రాసేయ్. ఇంకా దొరకని నంబర్లు చివరి పేజీలో రాసుకుని ఫోన్‌లో ఫోటో తీసి ఉంచుకో, ఆబిడ్స్‌లో రద్దీలో నిలబడినప్పుడు అక్కరకొస్తుంది. నా దగ్గర ఒకటికి రెండున్న మాండ్రేక్ సంచికలు కొన్ని ఉన్నాయి, గోథమ్ స్పైడర్‌మ్యాన్ కూడా ఉన్నాయి. ప్రొద్దుటూరు అంగళ్లలో నీకు బహదూర్ ఏదైనా కనిపిస్తే నంబరు రాసి పంపు, మార్చుకుందాం.